మా మోతి గోకుడు తగ్గించింది వేప కాదు, చేప గట్క: ఏడాదిన్నర వాడాక

మా కుక్క మోతికి దురద మొదలైన కొత్తలో వేపాకు నీళ్ల గురించి మా చుట్టాలందరికీ ఫోన్ చేసి మరీ చెప్పాను. ఆ మాటల్లో సగం ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. వేప చెడ్డదని కాదు. మా కుక్కకు, మాకు రాత్రి నిద్ర తెచ్చింది మాత్రం చెరువు చేప కలిపి వండిన జొన్న గట్క, అంటే జొన్న రవ్వ సంకటి.

మాది నల్గొండ, పానగల్లు వైపు. మోతి ల్యాబ్ క్రాస్, నాలుగేళ్లది, 22 కిలోలు. 2024 ఎండాకాలంలో దానికి చంకల్లో, పొట్ట కింద వెంట్రుకలు ఊడిపోయి, చర్మం నల్లబడి ఏనుగు తోలులా మందమైంది. రాత్రి రెండింటికి గోక్కుంటుంటే వెనక కాలు బండలకు తగిలి టకటకమని చప్పుడు. మా ఆయన లేచి, లైటు వేసి, దాని కాలు పట్టుకుని కూర్చునేవారు. ఒక క్లినిక్‌లో ఇంజెక్షన్ వేయిస్తే పది రోజులు హాయిగా ఉండేది, ఆ తర్వాత మళ్లీ మొదలు. అవి స్టెరాయిడ్లని తర్వాత తెలిసింది. నాలుగు ఇంజెక్షన్లయ్యాక భయమేసి ఇంటి వైద్యానికి దిగాం.

వేపాకు మరిగించి, చల్లార్చి, స్నానం అయ్యాక ఒంటి మీద పోసి అలాగే ఆరనిచ్చేదాన్ని. వాసన పోయింది, పుండ్లు ఎండాయి. నెల రోజులు సంబరపడ్డాను. ఆకే ఇంత పనిచేస్తే నూనె ఇంకెంత చేస్తుందోనని వేపనూనె నేరుగా రాశాం. అది నాకేసింది, నోటివెంట సొంగ, రెండు వాంతులు. దయచేసి ఆ పని చేయకండి. కొబ్బరినూనె రాస్తే అదీ నాకి విరేచనాలు తెచ్చుకుంది, మిగిలినదానికి దుమ్మంతా అంటుకుంది. మనుషుల షాంపూ పూర్తిగా మానేశాం. మన చర్మానికి కుదిరింది దాని చర్మానికి కుదరదు.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. నల్గొండ నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. అది పళ్లకు, ఎముకలకు పట్టే బాధ, ఈ గోకుడుకు దానితో సంబంధం లేదు. మా బోరు నీళ్లు ఉప్పు నీళ్లు, ఎంత కడిగినా ఒంటి మీద జిగట మిగిలేది. చివరి రెండు బకెట్లు మిషన్ భగీరథ నల్లా నీళ్లతో పోయడం మొదలుపెట్టాక పొట్టు రాలడం కొంత తగ్గింది.

ఇంత చేసినా జులైలో వానలు పడగానే మొదటికొచ్చింది. అప్పుడు పశువుల దవాఖానకు తీసుకెళ్తే డాక్టర్ గారు ముందు బ్లేడుతో చర్మం గీకి మైక్రోస్కోప్ కింద చూశారు. గజ్జి పురుగులు కనిపించలేదు. గోమార్లకు (పిడుదులకు) మెడ మీద పోసే చుక్కల మందు రాసిచ్చి, "ఏం తింటది?" అని అడిగారు. చికెన్ అన్నం, పుట్టినప్పటి నుంచీ. "ఎనిమిది వారాలు చికెన్, పాలు, బిస్కెట్లు, గోధుమ అన్నీ బంద్. ఇదివరకు తినని మాంసం ఒకటి, ధాన్యం ఒకటి, అంతే," అన్నారు.

అది ఎన్నడూ తిననివి రెండే: చేప, జొన్న. ఉదయ సముద్రం చెరువు చేప మాకు దగ్గర్లోనే దొరుకుతుంది. జొన్న రవ్వ నానబెట్టి, మజ్జిగ లేకుండా, మెత్తగా గట్క వండి, ఉడికించిన చేప, కాస్త సొరకాయ కలుపుతాం. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి వేయం. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు విషం. కష్టమంతా ముళ్లతోనే. రవ్వ (రోహు) చేపలో చీలిన సన్నటి ముళ్లుంటాయి. ట్యూబులైటు కింద స్టీలు పళ్లెంలో వేసుకుని, బొటనవేలితో నలుపుతూ ఒక్కొక్కటే తీయాలి. ముళ్లు తక్కువని కొర్రమట్ట (కొర్రమీను) తెద్దామంటే ఆ ధర రోజూ పెట్టలేం.

మొదటిసారి రెండు వారాలకే గండి పడింది. పక్కింటి అవ్వ రోజూ సాయంత్రం గోడ మీంచి పాలలో నానబెట్టిన బిస్కెట్లు పెడుతోంది. అడిగితే, "అయ్యో బిడ్డా, మూగజీవి, గుక్కెడు పాలకు గూడ నోచుకోలేదా?" అంది. నేను గట్టిగానే మాట్లాడాను. అవ్వ నాలుగు రోజులు మా వైపు చూడలేదు. ఆగస్టు రెండో వారంలో లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాం.

మూడో వారంలో పాదాలు నాకడం తగ్గింది. ఆరో వారంలో ఒకరోజు పొట్ట నిమురుతుంటే చంకలో వేళ్లకు మెత్తగా తగిలింది. చూస్తే పసిపిల్లల నెత్తి మీద మొలిచినట్టు నూగు వెంట్రుకలు. మా ఆయన్ని వంటింట్లోంచి పిలిచి చూపించాను. ఆ రాత్రి బండల మీద చప్పుడు లేదు. చప్పుడు లేకపోవడం వల్లే నాకు మెలకువ వచ్చి, లేచి వెళ్లి చూశాను. బోర్లా పడుకుని గురక పెడుతోంది.

దసరా రోజు ఇంటి నిండా చుట్టాలు. చిన్న పిల్లాడొకడు తన కంచంలోని కోడికూర ముక్కలు దానికి పెట్టేశాడు. రెండో రోజు రాత్రి మళ్లీ టకటక. కూరలో మసాలాలు, ఉల్లి కూడా ఉంటాయి కాబట్టి దోషం చికెన్‌దేనని తేలదని, ఒంటికి నెమ్మదించాక ఉప్పు లేకుండా ఉడికించిన చికెన్ ఒక్కటే పెట్టి చూడమన్నారు డాక్టర్ గారు. నవంబర్‌లో పెట్టాం. మూడో రోజుకు పాదాలు ఎర్రబడ్డాయి. ఆపేశాం. అంతా చల్లబడ్డాక పాలు పట్టి చూశాం, రెండు వారాలు. ఏమీ కాలేదు. అవ్వ దగ్గరకు వెళ్లి, "నీ పాల తప్పేం లేదు అవ్వా," అని చెప్పాను. ఇప్పుడు సాయంత్రం పూట కాసిన్ని పాలు అవ్వే పోస్తుంది, బిస్కెట్ లేకుండా.

ఇంత మెచ్చుకున్నాక చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. తిండి ఒక్కరోజులో మార్చేసరికి నాలుగు రోజులు విరేచనాలయ్యాయి, వారం రోజులు కొద్దికొద్దిగా కలుపుతూ మార్చాల్సింది. గట్క, చేప మాత్రమే ఏళ్ల తరబడి పెడితే కాల్షియం లాంటివి చాలవని డాక్టర్ గారు పొడి రాసిచ్చారు, రోజూ కలుపుతున్నాం. దురద పూర్తిగా పోలేదు కూడా. 2025 వానాకాలంలో మళ్లీ వచ్చింది, మునుపటంత కాదు గానీ రెండు వారాలు మాత్రలు వాడాల్సి వచ్చింది. చికెన్ పడకపోవడంతో పాటు గాలిలోవి, గడ్డిలోవి కూడా పడవన్నారు. మా పక్క ప్లాటు నిండా వయ్యారిభామే. ఇప్పుడు అటు తీసుకెళ్లడం లేదు. బయట తిరిగొచ్చాక పాదాలు, పొట్ట కడిగి తుడుస్తాం. వేపాకు నీళ్లు వారానికి ఒకసారి ఇంకా పోస్తున్నాను, పుండ్లు లేనప్పుడే.

మాకు చెరువు దగ్గర, ఇంట్లో ఇద్దరం ఉన్నాం, ముళ్లు తీయడానికి రాత్రి అరగంట దొరుకుతుంది. ఉద్యోగాలకు పొద్దున్నే పోయే ఇళ్లల్లో ఇది నడుస్తుందని చెప్పలేను. మీ కుక్కకు చేపే పడకపోవచ్చు, లేదా అసలు సంగతి గజ్జి కావచ్చు. అందుకే చర్మం గీకించి చూపించకుండా గట్క మొదలుపెట్టొద్దనే చెప్తాను. ముందే దవాఖానకు తీసుకెళ్లి ఆ పరీక్ష చేయించి ఉంటే మోతి ఆ ఎండాకాలమంతా అన్ని అవస్థలు పడేది కాదు.