ఒక్క మిషన్, నాలుగు డైలు, ఒక తాళం బొమ్మ: మూడేళ్లు వాడాక

మిషన్ మీద ఏ ఆర్డరు తర్వాత ఏది కొట్టాలో వరస వేసిచ్చే షెడ్యూల్ యాప్ ఒకటి మూడేళ్లుగా వాడుతున్నా. అందులో ఏమేం ఉన్నాయో దాని డెమో వీడియోలోనే ఉంటుంది. నేను చెప్పేది మూలనున్న తాళం బొమ్మ గురించే. మొదటి ఏడాదంతా దాన్ని పట్టించుకోనేలేదు.

మాది పేపర్ ప్లేట్ల షెడ్డు. డై (ప్లేటు ఆకారం కొట్టే అచ్చు) మార్చి, హీటర్ వేడెక్కి, మొదట వచ్చే పనికిరాని ప్లేట్లు పక్కన పడేసేసరికి 40 నిమిషాలు. మాఘమాసం ముహూర్తాలప్పుడు ఒక గురువారం బఫే ప్లేట్లు నడుస్తుంటే క్యాటరింగ్ ఆయన ఫోన్: "అన్నా, రేపు పొద్దున్నకి టిఫిన్ ప్లేట్లు రెండు వేలు." యాప్‌లో ఎక్కించాను. అది వరస మొత్తం తిరగేసింది. గంటకి ఇంకో ఫోన్, ఇంకో వరస. సాయంత్రానికి డై 5 సార్లు మారింది. అంటే 3 గంటల 20 నిమిషాలు మిషన్ ఊరికే నిలబడింది. "సార్, ఇవాళ ప్లేట్లు కొట్టామా, బోల్టులు తిప్పామా?" అన్నాడు మా ఆపరేటర్, స్పానర్ ఇంకా చేతిలోనే ఉంది. తీరా చూస్తే పొద్దున మొదలుపెట్టిన బఫే ఆర్డరే లేటయింది.

ఆ రాత్రి యాప్ తీసేద్దామని సెట్టింగ్స్‌లోకి వెళ్తే తాళం కనిపించింది. నొక్కితే ఇవాళ, రేపు వరస కదలదు. కొత్త ఆర్డరు ఏదైనా ఎల్లుండి నుంచే. ఆ సీజన్ నన్ను గట్టెక్కించింది అదే.

ఈ యాప్ వాడే, గడువు దగ్గరున్నది ముందు కొట్టించే పద్ధతి అద్భుతమని నలుగురికీ చెప్పింది నేనే. అది తప్పేం కాదు. పనులన్నీ ముందే చేతిలో ఉండి, డై మార్పిడికి టైమే పట్టకపోతే, అన్నిటికన్నా ఎక్కువ లేటయ్యే ఆర్డరు ఆలస్యాన్ని అంతకన్నా తగ్గించలేమని 1955లోనే జాక్సన్ అనే పరిశోధకుడు నిరూపించాడు. మా షెడ్డులో ఆ రెండూ ఉండవు కదా! ఒక్కో బ్యాచ్‌లో ఎన్ని కొట్టాలో యాప్ చెప్పేది కూడా 1913లో హారిస్ అనే ఇంజనీరు ఇచ్చిన సూత్రంతోనే. ఆ సూత్రం గిరాకీ ఏడాదంతా ఒకేలా ఉంటుందనుకుంటుంది. ఆషాఢంలో దాని మాట విని కొట్టిన కట్టలు వానకి చెమ్మ పట్టి మెత్తబడ్డాయి. ఇప్పుడు ముహూర్తాలకి ఒక అంకె, మూఢానికి ఒక అంకె నేనే వేస్తున్నా.

తాళం వల్ల అర్జెంటు గిరాకీలు కొన్ని పక్క షెడ్డుకి పోయాయి, దాచడమెందుకు. అందుకే బఫే ప్లేట్లు రెండు రోజులకి సరిపడా ముందే కొట్టి ఉంచుతున్నా. అరుదుగా అడిగే చిన్న దొప్పల మీద మాత్రం డబ్బు ఇరికించను.

ప్లేటు వారం ఆగుతుంది కాబట్టి నాకు నడిచింది. బేకరీ ఓవెన్ వాళ్లు నా మాట నమ్ముకుని దిగొద్దు. వచ్చే నెల రెన్యువల్. మూడేళ్లకి కడితే డిస్కౌంట్ అంటున్నారు, నేనైతే ఏడాదికే కడుతున్నా.