నంగిలి దాటి ద్రాక్షతోటల దాకా

చిత్తూరోళ్లకు బెంగళూరు అంటే ముందు గుర్తొచ్చేది మామిడికాయ. తోతాపురిని ఇక్కడ బెంగళూరా అనే అంటారు. 20 ఏళ్లుగా గుజ్జు ఫ్యాక్టరీలో ఆ కాయ రసంలో తీపి ఎంతుందో కొలవడమే నా పని. అందుకే మా బావమరిది "బెంగళూరు పక్కన దొడ్డబళ్లాపురం దగ్గర వైన్ ఎలా చేస్తారో చూపిస్తారంట, పోదాం బావా" అన్నప్పుడు నాకు ఆశ పుట్టింది గ్లాసు మీద కాదు, ట్యాంకుల మీద.

మొత్తం 11 మందిమి. అందులో అయిదుగురు చుక్క ముట్టనివాళ్లు. 12 సీట్ల టెంపో ట్రావెలర్ మాట్లాడుకున్నాం. బేరం కుదిరి అడ్వాన్సు ఇచ్చాక, బయల్దేరే ముందు రోజు రాత్రి ఫోన్ చేసి కర్ణాటక పర్మిట్, ట్యాక్సు వేరేగా ఇవ్వాలన్నారు. అప్పుడు కాదంటే బండి ఎక్కడ దొరుకుతుంది? ఇచ్చాం. మీరు పోయేటట్టయితే ఈ ఒక్క సంగతి ముందే తేల్చుకోండి. డ్రైవర్ మాత్రం నెమ్మదస్తుడు. రోజంతా కాఫీ తప్ప ఏమీ ముట్టలేదు. ఇలాంటి ప్రయాణానికి సొంత కారు వద్దని నేను గట్టిగా చెప్పేది అందుకే.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున 5 గంటలకే బయల్దేరాం. మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు చేరేసరికి చలికి ఆడవాళ్లు కొంగులు కప్పుకున్నారు. రాష్ట్ర సరిహద్దులో ఉన్న నంగిలి దాటాక ముళబాగిలులో టిఫిన్. అక్కడి దోసె గురించి ఎంత విన్నా తక్కువే. అంచులు ఎర్రగా కరకరలాడుతూ, మధ్యలో మెత్తగా, లోపల ఆలుగడ్డ పల్యం, పైన నెయ్యి. ఆ రోజు తిన్నవాటిలో దానికే నా ఓటు. కోలారు, హొసకోటె మీదుగా దొడ్డబళ్లాపురం వైపు తిరిగి, సుమారు 200 కిలోమీటర్లు పోయేసరికి 10 దాటింది.

మేం చూసింది నంది కొండల దగ్గరున్న గ్రోవర్ వాళ్ల తోట. 1988లో మొదలైన సంస్థ. ఇప్పుడు గ్రోవర్ జాంపా అంటున్నారు. ముందుగా బుక్ చేసుకుంటే తోట, ఫ్యాక్టరీ, నేలమాళిగ చూపించి, చివర్లో రుచి చూపిస్తారు. కోతల కాలం కాబట్టి తీగల మీద గుత్తులు ఉన్నాయి. మనం బజారులో కొనే ద్రాక్ష కాదది. చిన్న చిన్న గుండ్లు, మందమైన తొక్క, లోపల విత్తనాలు. తోటలో పనిచేసే ఒకామె మా మాటలు విని "మీది చిత్తూరా అన్నా?" అని తెలుగులోనే పలకరించింది. కోలారు, చిక్కబళ్లాపురం వైపు తెలుగు ఇళ్లు ఎన్నో ఉన్నాయని తెలిసినా, అంత దూరం పోయాక ఆ పిలుపు వింటే ప్రాణం లేచొచ్చింది.

నా పిచ్చి నాది కదా, గైడును బ్రిక్స్, అంటే రసంలో తీపి కొలత, ఎంతకొస్తే కోస్తారని అడిగాను. 22 నుంచి 24 అన్నాడు. మా తోతాపురి గుజ్జు 14 ఉంటే చాలు! ద్రాక్షలోని ఆ తీపినంతా పులియబెట్టే ఈస్టు తినేస్తేనే 12, 13 శాతం ఆల్కహాల్ వస్తుంది. ఎర్ర వైన్‌కు తొక్కతో కలిపి పులియబెడతారు, రంగూ వగరూ తొక్కలోవే. తెల్లదానికి ముందే రసం పిండేస్తారు. స్టీలు ట్యాంకులు చూస్తే మా ఫ్యాక్టరీలో ఉన్నట్టే అనిపించింది. నేలమాళిగలోకి దిగితే మాత్రం వేరే లోకం. 225 లీటర్లు పట్టే ఓక్ పీపాలు వరసగా పడుకోబెట్టి, చల్లటి చీకట్లో తడి చెక్క వాసన. తాగనివాళ్లు కూడా అక్కడి నుంచి కదల్లేదు.

రుచి చూసే బల్ల దగ్గర మాత్రం వాళ్లకు అరగంట విసుగే. ముందు తెల్లవి, తర్వాత ఎర్రవి పోశారు. ఎర్రదాన్లో చాక్లెట్, పొగాకు వాసనలు పట్టుకోమన్నాడు గైడు. మా వదిన ఒక్క గుక్క తాగి, "నేరేడుపండ్లు తిన్నాక నాలుక పట్టేస్తుందే, అట్లుంది" అని గ్లాసు పక్కన పెట్టేసింది. నాకైతే ఆమె చెప్పిందే సరిగ్గా అనిపించింది.

ఆశకు పోయి రెండో వైనరీ కూడా పెట్టుకున్నాం. అదే తప్పు. ఫోన్‌లో 4 గంటలకు రమ్మన్నారు. దారిలో ట్రాఫిక్ వల్ల 20 నిమిషాలు ఆలస్యమైంది. చివరి బ్యాచ్ లోపలికి పోయిందన్నారు. కట్టిన డబ్బు వెనక్కి రాదన్నారు. మేనేజర్‌ను పిలవమంటే లేడన్నారు. గేటు దగ్గర గొడవపడి లాభం లేదని బండి నంది గ్రామానికి తిప్పించాం. 9వ శతాబ్దంలో మొదలై, తర్వాతి రాజులు పెంచుకుంటూ పోయిన భోగనందీశ్వరుడి గుడి అది. వెనకాల కోనేటి మెట్ల మీద కూర్చుంటే పొద్దుటి నుంచి ముఖం ముడుచుకున్న మా పెద్దాయన మొదటిసారి నవ్వాడు. "ఇదే ముందు చూపించుంటే పోయేది కదరా!" నిజమే. ఒక వైనరీ, ఒక గుడి చాలు.

ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటింది. మళ్లీ పోతే చిక్కబళ్లాపురంలోనో దేవనహళ్లిలోనో ఒక రాత్రి ఉండి వస్తాను. ఖర్చు తలా 3,000 లోపే అయింది.

బావమరిది ఒక ఎర్ర సీసా కొన్నాడు. పక్క రాష్ట్రం మందు మన వైపు తెస్తే, ఎక్సైజ్ వాళ్లకు దొరికితే కేసే. నంగిలి దాటకముందే ముళబాగిలులో ఉన్న మా పిన్నమ్మ కొడుకింట్లో దించేశాం. నిన్న వాడు ఫోన్ చేశాడు. "అన్నా, దీన్ని నిలబెట్టాలా, పడుకోబెట్టాలా?" కార్కు ఎండకుండా పడుకోబెట్టమన్నాను. ఫ్రిజ్‌లో పాలగిన్నె పక్కన చోటు లేదంట, బియ్యం డబ్బా వెనక పెట్టాడు.