ఐలామ్ కన్సోల్: మూడేళ్లు వాడాక నా అనుభవం

పోయిన నెల ఫైర్‌వాల్ రూల్స్ మారుస్తూ ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే దారి) పోర్టునే మూసేశాను. సర్వర్ నడుస్తూనే ఉంది, నాకే లోపలికి దారి లేదు. ఆ టెన్షన్‌లో నన్ను గట్టెక్కించింది ఐలామ్. సన్ సర్వర్లతో మొదలై, ఇప్పుడు ఒరాకిల్ సర్వర్లలో వస్తున్న మేనేజ్‌మెంట్ ప్రాసెసర్ ఇది.

సర్వర్‌లోనే ఉండే మరో చిన్న కంప్యూటర్ అనుకోండి. సర్వర్ ఆఫ్ చేసినా, పవర్ కేబుల్ పెట్టి ఉంటే ఇది మేలుకునే ఉంటుంది. నెట్ ఎంజీటీ, అంటే ఐలామ్ కోసమే ఉన్న నెట్‌వర్క్ పోర్టుకు విడిగా ఐపీ ఇచ్చాను కాబట్టి నా ఫైర్‌వాల్ రూల్ దీని జోలికి రాలేదు. ఐలామ్‌లోకి లాగిన్ అయి ‘స్టార్ట్ /ఎస్‌పీ/కన్సోల్’ కొట్టి, వై నొక్కి, ఇంకో ఎంటర్ కొడితే లినక్స్ లాగిన్ ప్రాంప్ట్ కనబడింది. ప్రాణం లేచొచ్చింది.

అయితే ముందే సిద్ధం చేసుకోకపోతే ఇది అక్కరకు రాదు. కొత్తలో ఇదే కన్సోల్ తెరిస్తే నాకు ఖాళీ స్క్రీనే వచ్చింది. లినక్స్ బూట్ అయ్యేటప్పుడు చదివే కెర్నల్ లైన్‌లో, సీరియల్ పోర్టుకు కూడా తెర చూపించమని చెప్పే ‘కన్సోల్=టీటీవైఎస్0’ పెట్టలేదు. పెట్టాక పిచ్చి అక్షరాలు వచ్చాయి, రెండు వైపులా సీరియల్ స్పీడ్ కలవలేదు. ఆ రోజే సరిచేసి, రీబూట్ కొట్టి, బయోస్ నుంచి లాగిన్ దాకా అన్నీ కనిపిస్తున్నాయో లేదో చూసుకున్నాను. మీరూ సర్వర్ కొన్న వారంలోనే చూసుకోండి.

బయటికి రావడానికి ఎస్కేప్, ఆ వెంటనే ఎడమ బ్రాకెట్ ‘(’. ఇక్కడ చాలామంది గమనించనిది ఒకటుంది: అలా వచ్చేస్తే లోపల మీ రూట్ (పూర్తి అధికారాలున్న ఖాతా) లాగిన్ తెరిచే ఉంటుంది. తర్వాత కన్సోల్ తెరిచినవాళ్లకు పాస్‌వర్డ్ అడగకుండానే రూట్ చేతికొస్తుంది. అందుకే నేను ముందు లాగౌట్ అవుతాను.

‘రీసెట్ /ఎస్‌పీ’ అంటే ఐలామ్ ఒక్కటే మళ్లీ మొదలవుతుంది, ‘రీసెట్ /సిస్’ అంటే సర్వరే. ఎంటర్ కొట్టేముందు రెండుసార్లు చదవండి. మొదట వచ్చే ‘ఛేంజ్‌మీ’ పాస్‌వర్డ్‌ను అదే రోజు మార్చండి, ఆ పోర్టును ఇంటర్నెట్‌కు చూపించకండి.

నెట్ ఎంజీటీకి వెళ్లే స్విచ్చే పోతే? సెర్ ఎంజీటీ అనే సీరియల్ పోర్టు ఉంది, నా సర్వర్‌లో దాని స్పీడ్ 9600. దానికి సరిపోయే సీరియల్ కేబుల్ ఒకటి ర్యాక్ తలుపుకే కట్టి ఉంచాను.