తెలుగు రాని పిల్లలకు ముందు ఏది: పాతాళ భైరవా, మాయాబజారా?

సెలవులు దగ్గరపడితే చాలు, ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. డల్లాస్ నుంచి అడుగుతారు, మెల్‌బోర్న్ నుంచి అడుగుతారు, ఈ మధ్య బెంగళూరు, పుణెల నుంచి కూడా అడుగుతున్నారు. "పిల్లలకు తెలుగు అంతంతమాత్రం. మన పాత సినిమా ఒక్కటి కూర్చోబెట్టి చూపిద్దామనుకుంటున్నాం. పాతాళ భైరవి అయితే మేలా, మాయాబజార్ అయితే మేలా?"

రెండూ గొప్పవే, ఏదైనా పరవాలేదు అనేస్తే అడిగినవాళ్లకు పని జరగదు. పిల్లల ముందు మనకు దొరికేది ఒక్క అవకాశం. మొదటి సినిమా విసుగు పుట్టిస్తే రెండోదానికి వాళ్లు కూర్చోరు. సబ్‌టైటిల్స్ ఉన్నాయి కదా అంటారు కొందరు. ఆరేళ్ల పిల్లవాడు అంత వేగంగా చదవలేడు, పదేళ్ల పిల్ల చదవగలిగినా బొమ్మ వదిలేసి అక్షరాల వెంట పరుగెత్తాలి. పక్కన కూర్చుని మనం అనువాదం చెబుతుంటే ఈలోగా సీను దాటిపోతుంది. కాబట్టి మాట సాయం లేకుండా ఏ సినిమా ఎంత దూరం నడుస్తుందన్నదే అసలు లెక్క. అది తేల్చుకోవడానికి నేను రెండింటినీ శబ్దం పూర్తిగా తీసేసి చూశాను.

ఈ పోలికలో అన్యాయం లేదు. రెండూ విజయా నిర్మాణ సంస్థవారివే, రెండింటికీ దర్శకుడు కె.వి.రెడ్డి, కెమెరా మార్కస్ బార్ట్‌లీ, కళ గోఖలే, కళాధర్‌లది. రెండింటిలోనూ రామారావు ఉన్నాడు, రంగారావు ఉన్నాడు. ఒకటి 1951, ఇంకొకటి 1957. మధ్యలో ఆరేళ్లు. చేతులు అవే, పనితనం ఎక్కడికి వెళ్లిందో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

ముందు పాతాళ భైరవి. మాట లేకుండా కథ అర్థం కావడమే ముఖ్యమనుకుంటే దీనికి తిరుగులేదు. తోటమాలి కొడుకు రాముడు రాకుమారిని చూస్తాడు, కోటలో దూరతాడు, పట్టుబడతాడు, ఆమె కావాలంటే సంపద తేవాలి, బయల్దేరతాడు. చిన్నపిల్లలకు కూడా ఎవరికి ఏం కావాలో, ఎవరు అడ్డో వెంటనే తెలిసిపోతుంది. దానికి తోడు కోరింది ఇచ్చే పాతాళ భైరవి చిన్న విగ్రహం ఉంది. అది ఎవరి చేతిలో ఉంటే బలం వాడిది. గుహలోంచి రాముడి చేతికి వస్తుంది, రాజుగారి బావమరిది దాన్ని కాజేస్తాడు, మాంత్రికుడి గుప్పిట్లోకి పోతుంది, చివరికి మళ్లీ రాముడి దగ్గరికి చేరుతుంది. ఒక్క మాట అర్థం కాకపోయినా పిల్లల కళ్లు ఆ విగ్రహం వెంటే తిరుగుతాయి. మాటల్లేని కథకు ఇంతకంటే గట్టి ఆధారం దొరకదు.

నేపాళ మాంత్రికుడిగా రంగారావు సంగతి వేరే చెప్పాలా? ఆ గడ్డం, ఆ చూపు, వంకరగా తిరిగే ఆ మెడ చూస్తే చాలు, వీడు దుర్మార్గుడని ఏ దేశపు పిల్లవాడికైనా తెలుస్తుంది. ఆ గడ్డం పోగానే శక్తి కూడా పోవడం మరీ బాగుంటుంది. కంటికి కనిపించే గుర్తు ఒకటి తీసేశారు, మనిషి బలం తగ్గిపోయింది. శబ్దం లేకుండా చూసినప్పుడు కూడా అది సూటిగా అందుతుంది.

తడబడే చోట్లూ ఉన్నాయి. మొసలితో పోరాటం అద్భుతంగా నడుస్తుంది, మొసలి పోయి స్త్రీ ప్రత్యక్షమవుతుంది, అక్కడిదాకా బొమ్మే అంతా చెబుతుంది. ఆ వెంటనే ఆమె మాంత్రికుడి కుట్రంతా నోటితో చెప్పేస్తుంది. కథకు కీలకమైన మలుపు మాటల్లో జరిగిపోయింది. శబ్దం లేకపోతే, రాముడు ఉన్నట్టుండి మాంత్రికుడి మీద ఎందుకు తిరగబడ్డాడో ఊహించుకోవాలి. పిల్లలు ఊహించుకుంటారు, అది వేరే సంగతి. కానీ నాకు ఇక్కడ ఒక తేడా కనిపించింది. పాతాళ భైరవిలో మాయ పని చేసిపెడుతుంది. మేడ కావాలంటే మేడ వస్తుంది, మాయం కావాలంటే మాయమవుతుంది. చూసి ఆశ్చర్యపోతాం. ఆ మాయ వల్ల మనిషి గురించి కొత్తగా తెలిసేది మాత్రం తక్కువ.

మాయాబజార్‌లో ప్రియదర్శిని పెట్టె గుర్తుందిగా. తెరిచి చూసినవాళ్లకు తమ మనసులో ఉన్నది కనిపిస్తుంది. బలరాముడి కూతురు శశిరేఖ తెరిస్తే తను ప్రేమించే అభిమన్యుడు. ఆ పిల్ల ముఖం చూడండి, పెట్టెలోని బొమ్మ చూడండి, మళ్లీ ముఖం చూడండి. ప్రేమ కథకు ఇంకేం కావాలి? అదే పెట్టె కృష్ణుడు తెరిస్తే శకుని కనిపిస్తాడు. కృష్ణుడి బుర్రలో తిరుగుతున్నది ఏమిటో ఒక్క షాట్‌లో తేలిపోయింది. మనసులో మాట బయటపెట్టడానికి నాటకంలో అయితే పద్యం పాడాలి, కథలో అయితే రచయిత వాక్యం రాయాలి. కె.వి.రెడ్డి ఒక పెట్టె తెరిపించి చూపించాడు. అదే సినిమాలో సత్యపీఠం కూడా ఉంది, దానిమీద కాలు పెట్టినవాడు నిజం కక్కేస్తాడు. శకుని కక్కే ఆ ఘట్టం తెలుగువాళ్లకు పండగే కానీ, శబ్దం తీసేస్తే అక్కడ ఒక మనిషి చేతులు ఊపుతూ మాట్లాడుతున్నాడు, అంతే. ఒకే సినిమాలో రెండు మాయలు, రెండూ మనసు విప్పేవే, ఒకటి కంటికి, ఒకటి చెవికి. తెలుగు రాని పిల్లలకు అందేది మొదటిదే.

తేల్చేది మాత్రం మాయా శశిరేఖ. పాతాళ భైరవిలో అంత భయపెట్టిన రంగారావు, ఇక్కడ ఘటోత్కచుడై ఛాతీ విరుచుకుని గద పట్టుకుని నిలబడతాడు. ఒళ్లంతా వేరే మనిషి అయిపోయాడు. ఆ తర్వాత జరిగేది ఇంకా పెద్ద విద్య. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలోకి మారిపోతాడు, అంటే ఇక తెర మీద ఉన్నది సావిత్రి. రూపం ఆడపిల్లది, నడక గదాధారిది. వేషంలో మార్పు లేదు, ముఖానికి రంగు మారలేదు. భుజాలు కాస్త వెనక్కి, అడుగు కాస్త బరువుగా, కళ్లలో ఆ రాక్షసుడి ధీమా. మళ్లీ ఎవరైనా రాగానే తల వంచుకుని సిగ్గుపడే రాకుమారి. పెళ్లికూతురు తన పెళ్లి గురించి మురిసిపోతూ ఆడిపాడే ఆ పాటలో ఒకచోట లోపలివాడు బయటపడతాడు, అక్కడ ఘంటసాల గొంతు వినిపిస్తుంది. శబ్దం తీసేసి చూసినప్పుడు ఆ గొంతు లేదు. అయినా సరిగ్గా ఆ చోటే నాకు తెలిసింది, సావిత్రి ఒంట్లోకి రంగారావు వచ్చేశాడని. ఆ క్షణం కోసమైనా ఈ సినిమాను ఒకసారి నిశ్శబ్దంగా చూడాలి.

ఇక పెళ్లిపీటల మీద. లక్ష్మణ కుమారుడు రేలంగి సంబరంగా వచ్చి నిలబడతాడు. పెళ్లికూతురు అతని కాలు తొక్కుతుంది. అతను గిలగిలలాడతాడు. చుట్టూ ఉన్నవాళ్లకు అక్కడ ముద్దుగా తల వంచుకున్న పెళ్లికూతురే కనిపిస్తుంది. చెయ్యి పట్టుకుంటే నలిపేస్తుంది. అతని కంటికి మాత్రం భయంకర రూపాలు కనిపిస్తాయి, అతను కేక పెడితే మిగతావాళ్లు అతన్నే వింతగా చూస్తారు. ఇక్కడ ఏం జరుగుతోందో గమనించండి. పెళ్లివారికి ఏమీ తెలియదు. పెళ్లికొడుకుకి ఏదో ఉందని తెలుసు, ఏమిటో తెలియదు. మనకు అంతా తెలుసు. ఈ రహస్యాన్ని మన చేతిలో పెట్టింది మాట కాదు, ఘటోత్కచుడు శశిరేఖగా మారడం మనం కళ్లారా చూశాం. అందుకే తెలుగు రాని పిల్లవాడు కూడా ఆ పెళ్లి మండపంలో అందరికంటే తెలివైనవాడైపోతాడు. మా అక్క మనవడు, తెలుగులో నాలుగు ముక్కలు మించి రానివాడు, ఈ సీనులో లేచి నిలబడి టీవీకేసి వేలు చూపిస్తూ వాళ్ల భాషలో "అది ఆయనే, ఆయనే" అని అరిచాడు. పాతాళ భైరవి చూసినప్పుడు వాడు నోరు తెరుచుకుని చూశాడు, గుహలో పెద్ద విగ్రహం దగ్గర వాళ్లమ్మ ఒడిలోకి జరిగాడు కూడా. కానీ తెర మీద వాళ్లకు తెలియనిది తనకు తెలుసన్న ఆ గర్వం అక్కడ రాలేదు. నా దృష్టిలో నిర్ణయించాల్సింది దీన్ని బట్టే.

వివాహ భోజనం గురించి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. లడ్డూలు తమంతట తామే ఎగిరి నోట్లోకి పోవడం, ఆ భారీ ఆకారం ఇంకా పెరగడం, ఇవి ఏ భాషలోనైనా నవ్వే. శర్మ, శాస్త్రి గార్లను ఆటాడించే గింబళి (మాయ కంబళి), గిల్పం (మాయ మంచం) కూడా అంతే. దొర్లించే మంచం చూసి నవ్వని పిల్లలు ఉండరు. కెమెరా ఆపి, వస్తువు మార్చి, మళ్లీ తిప్పడమనే కిటుకు 1902లో ఫ్రెంచి దర్శకుడు మెలియెస్ తన సినిమాలో చంద్రుడి మీదకి మనుషుల్ని పంపిన నాటికే ఉంది. కె.వి.రెడ్డి గొప్పదనం ఆ కిటుకులో లేదు, దాన్ని ఎంతసేపు ఉంచాలో తెలియడంలో ఉంది. స్క్రిప్ట్ దశలోనే స్టాప్‌వాచ్ పెట్టుకుని సీనుకు ఇంత అని లెక్క కట్టే మనిషి ఆయన. నవ్వు అయిపోకముందే సీను ముగుస్తుంది.

మాయాబజార్‌కు లోటు లేదనడం లేదు. మొదటి సగంలో చాలా భాగం కూర్చుని మాట్లాడుకోవడమే. పాండవుల సంగతి, బలరాముడు మాట తప్పడం, ఆయన భార్య రేవతి మనసు మారడం, శకుని ఎత్తు, ఇవన్నీ సభల్లో, అంతఃపురాల్లో మాటల మీద నడుస్తాయి. అవి రచయిత పింగళి మాటలు కాబట్టి మనం చెవులు రిక్కించుకుని వింటాం, తెలుగు రాని పిల్లవాడు దిండు సర్దుకుంటాడు. కథ తాడు కూడా పాతాళ భైరవిలా తిన్నగా ఉండదు. ఎవరు ఎవరికి ఏమవుతారో ముందే తెలిసి ఉండాలి. భారతం తెలిసినవాళ్ల కోసం తీసిన సినిమా ఇది.

దీనికి మందు సులభం. సినిమా పెట్టేముందు ఐదు నిమిషాలు కథ చెప్పండి. ఈ అమ్మాయికి ఈ అబ్బాయంటే ఇష్టం, వాళ్ల నాన్న వేరేవాడికి ఇస్తానన్నాడు, అబ్బాయికి ఒక రాక్షసుడు అన్న ఉన్నాడు. అంతే చాలు. మరీ చిన్నపిల్లలైతే ప్రియదర్శిని సీను చూపించి, మధ్యలో సభలు దాటించి, అడవిలో ఘటోత్కచుడు వచ్చే దగ్గర నుంచి పెట్టండి. అభిమన్యుడితో తలపడటం, నిద్రపోతున్న శశిరేఖను మంచంతో సహా ఎత్తుకుపోవడం, అక్కడి నుంచి పెళ్లి దాకా ఆగే పని లేదు. సినిమాను ముక్కలు చేయడం పాపమని అనేవాళ్లు ఉన్నారు. మొత్తం తర్వాత వాళ్లే అడిగి చూస్తారు.

కాబట్టి నా మాట మాయాబజార్. ఒక మినహాయింపు ఉంది. పిల్లలు ఐదారేళ్లవాళ్లే అయి, ముందు కథ చెప్పే ఓపిక ఇంట్లో ఎవరికీ లేకపోతే పాతాళ భైరవి పెట్టండి, అది తన కథ తానే చెప్పుకుంటుంది.

మిగతావాటి గురించి కూడా అడుగుతుంటారు. జగదేకవీరుని కథ (1961) బాగుంటుంది, శివశంకరీ పాటలో ఒకే తెర మీద ఐదుగురు రామారావులు కనిపించడం పిల్లలకు నచ్చుతుంది, అయితే సినిమా మొత్తం ఆ స్థాయిలో బొమ్మ మీద నడవదు. భైరవద్వీపం (1994) రంగుల్లో ఉంటుంది కాబట్టి ఒప్పించడం తేలిక. అసలు మూకీనే చూపిద్దామనుకునేవాళ్లకు 1924 నాటి థీఫ్ ఆఫ్ బాగ్దాద్ ఉంది, ఎగిరే తివాచీ, రెక్కల గుర్రం, కనబడనివ్వని వస్త్రం అన్నీ ఉన్నాయి. చాలా పొడుగు. ముక్కలుగా చూపించాలి.

మాయాబజార్ రంగులదా, నలుపు తెలుపుదా అన్నది ఇంకో ప్రశ్న. 2010లో వచ్చిన రంగుల ప్రతి పిల్లలకు దగ్గరగా ఉంటుందన్న మాట నిజమే. నేను నలుపు తెలుపే పెట్టమంటాను. లాహిరి పాటలో నీళ్ల మీద తేలే ఆ వెన్నెల మార్కస్ బార్ట్‌లీ కెమెరాతోనూ దీపాలతోనూ సృష్టించినది. వెలుగు, నీడల లెక్కతో పుట్టింది. రంగు వేస్తే నీళ్లు నీళ్లలా, బట్టలు బట్టల్లా కనిపిస్తాయి, వెన్నెల పలచబడిపోతుంది. పిల్లలు మొదటి పది నిమిషాలు రంగులేవని అడుగుతారు, ఘటోత్కచుడు వచ్చాక ఎవరూ అడగరు.

ఇక పదమూడు, పద్నాలుగేళ్లు దాటిన పిల్లలుంటే, మాయాబజార్ అయ్యాక పుష్పక విమానం (1987) పెట్టండి. జానపదం కాదు, మాయలూ లేవు. మొదటి నుంచి చివరిదాకా ఒక్క సంభాషణ కూడా లేని సినిమా. తీసిన సింగీతం శ్రీనివాసరావు, మాయాబజార్ రోజుల్లో కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసినవాడు.