సురినామ్ చెర్రీ: మా మేడ మీద ఐదేళ్లు

ఎర్రబడగానే కోయకండి. ఈ మొక్క గురించి ఒక్క మాట చెప్పమంటే నేను చెప్పేది అదే. మా ఇంటికొచ్చి ఈ పండు తిని మొహం చిట్లించినవాళ్లంతా రెండు రోజులు ముందు కోసిన కాయ తిన్నవాళ్లే.

విజయవాడ సత్యనారాయణపురంలో మా మేడ మీద దీన్ని పెట్టి ఐదేళ్లు దాటింది. జానెడు మొక్క ఇప్పుడు నా భుజం దాకా వచ్చింది. జామ, నేరేడు కుటుంబమే. పుట్టిల్లు బ్రెజిల్ వైపు, అక్కడ పిటంగా అంటారు. కాయ చూస్తే రాచ ఉసిరికి ఎర్రరంగు వేసినట్టే, చుట్టూ ఏడెనిమిది గాడులు.

పచ్చి కాయలో ఒక ఘాటు ఉంటుంది. మామిడికాయ తొడిమ తుంచితే చిమ్మే సొన గుర్తుంది కదా, ఆ వాసన. నారింజ రంగులో ఉన్నా, ఎర్రబడ్డాకా కూడా కొంత మిగిలే ఉంటుంది. ముదురు ఎరుపుకి తిరిగి, వేలు తగిలితే చాలు చేతిలో రాలాలి. లాగాల్సి వచ్చిందంటే ఇంకా టైముంది. అలా రాలిన పండు నోట్లో వేసుకుంటే ముందు తీపి, వెనకే పులుపు, ఆఖర్న ఆ సొన జాడ కొద్దిగా. నాకు ఆ జాడే ఇష్టం. మా అత్తయ్య మాత్రం మొదటిసారి తిని "ఇది పండా, మందా బాబూ?" అన్నారు. గింజలు తీసేసి, పంచదార చల్లి రెండు మూడు గంటలు ఫ్రిజ్‌లో పెట్టి ఇచ్చాను. ఆ ఘాటు చాలావరకు పోతుంది. ఈసారి గిన్నె ఖాళీ చేసి ఇచ్చారు. గింజ మాత్రం కొరకకండి, ఘాటంతా అందులోనే.

మన ఎండలే దీనికి పరీక్ష. మొదటి ఏడాది రోహిణి కార్తెలో ఆకుల అంచులు మాడి, పూతంతా రాలిపోయింది. చచ్చిపోతుందేమోనని చాలా టెన్షన్ పడ్డాను. వాటర్ ట్యాంకుకి తూర్పు పక్కకి జరిపి, పైన గ్రీన్ నెట్ కట్టి, మొక్క మొదలు చుట్టూ ఎండుగడ్డి పరిచి రెండు పూటలా నీళ్లు పోశాను. వానలు పడగానే రాగి రంగు చిగుళ్లు వేసింది. ఆ తర్వాత ఏ వేసవికీ బెదరలేదు. పిండినల్లి రెండుసార్లు పట్టింది, వేపనూనెతో పోయింది.

కాపు మూడో ఏడు మొదలైంది, ఆ ఏడు పదకొండు కాయలు. తెల్లటి పువ్వు విచ్చిన మూడు వారాలకే పండు. అది పిగిలిపిట్టలకి మనకన్నా ముందే తెలుస్తుంది! పేరంటాల్లో ఇచ్చే పల్చటి వలసంచులు దాచి, కాయలున్న రెమ్మలకి కట్టాను. పిట్టల బెడద తప్పింది. ఇంకో లాభం, పండింది తనంతట తనే సంచిలో రాలుతుంది. పొద్దున్నే వెళ్లి విప్పుకోవడమే, ఇది కోయాలా వద్దా అని చూసుకునే పని లేదు. పోయినేడు రెండు వారాల పాటు రోజు విడిచి రోజు చిన్న గిన్నెడు వచ్చాయి. పండు మెత్తన, మర్నాటికే నలిగిపోతుంది. బజారులో కనపడకపోవడానికి కారణం ఇదేననుకుంటా.

గింజలు దాచిపెడితే మొలవవు, నెలలోపే నాటాలి. అలా మొలిచిన ఒకటి గుంటూరులో మా అక్క నేలలో పెట్టింది, మాదాన్ని దాటిపోయింది. నల్లగా పండే రకంలో తీపి ఎక్కువ, ఘాటు తక్కువ. ఈ ఆషాఢంలో ఆ మొక్క ఒకటి తెచ్చి ట్యాంకు పక్కనే పెట్టాను. ఇంకా జానెడే ఉంది.