చౌకలో 50 లెన్స్: జుపిటరా, ఇండస్టారా, కెనానా?

కొత్తగా రేంజ్‌ఫైండర్ (వ్యూఫైండర్లో రెండు బొమ్మల్ని ఒకటిగా కలిపి ఫోకస్ పెట్టే ఫిల్మ్ కెమెరా) కొన్నవాళ్లంతా అడిగేది ఇదే, తక్కువలో స్క్రూ మౌంట్ (మరలా తిప్పి బిగించే) 50 మి.మీ. లెన్స్ ఏది తీసుకోవాలి అని. షార్ప్‌నెస్, బోకే (వెనక మసక ఎంత అందంగా ఉందన్నది) అని గంటలు గంటలు కొట్టుకుంటారు గానీ నా లెక్కలో అవన్నీ తర్వాత, ముందు ఫోకస్ దూరం విషయంలో లెన్స్ లెక్కా కెమెరా బాడీ లెక్కా ఒకటి కావాలి. లెన్స్‌లోంచే చూసే ఎస్ఎల్ఆర్‌లో ఫోకస్ తప్పితే కళ్లముందే తెలుస్తుంది, ఇక్కడ వ్యూఫైండర్లో రెండు బొమ్మలూ చక్కగా కలిసిపోతాయి, తప్పు మాత్రం రోల్ కడిగాకే బయటపడుతుంది.

నేను మొదట కొన్నది జుపిటర్-8, 50 మి.మీ. f/2 (f పక్క అంకె ఎంత చిన్నదైతే అపర్చర్, అంటే లెన్స్ రంధ్రం, అంత పెద్దగా తెరుచుకుంటుంది, ఫోకస్‌లో ఉండే మందం అంత తగ్గుతుంది). జర్మనీ జైస్ కంపెనీ సోనార్ డిజైన్‌కి రష్యా వాళ్ల కాపీ, నా కెనాన్ పి రేంజ్‌ఫైండర్ మీద ముద్దుగా ఉండేది. మా అమ్మమ్మని మీటరు దూరంలో f/2లో తీశా, కన్ను మీద పెట్టిన ఫోకస్ పోయి కణత దగ్గర నెరిసిన వెంట్రుకల మీద పడింది, ఒక్కో వెంట్రుక లెక్కపెట్టొచ్చు, కళ్లు మాత్రం మసక! ఎందుకంటే ఆ లెన్సుల అసలు ఫోకల్ లెంగ్త్ జైస్ వాళ్ల కాంటాక్స్ కెమెరా లెక్కన 52.4 మి.మీ., లైకా కెమెరాల లెక్కలో నడిచే నా కెనాన్ లాంటి బాడీలు అనుకునేది 51.6. మీటరు దగ్గర దాదాపు 3 సెం.మీ. వెనక్కి పోతుంది, f/2లో ఫోకస్ అటూ ఇటూ దక్కేది రెండున్నర సెంటీమీటర్లే. f/4కి దించితేనో మూడు మీటర్లు వెనక్కి జరిగితేనో ఆ తేడా కనపడదు. వీధి ఫొటోలే తీస్తానంటే హాయిగా కొనుక్కోండి. అపర్చర్ రింగ్‌కి క్లిక్కులుండవు, ఎక్కడుందో చూసుకుంటూ ఉండాలి అంతే.

ఇండస్టార్-61 ఇంకా చౌక, f/2.8 కాబట్టి తప్పు కొంత దానికదే కప్పుకుంటుంది, నాకైతే చూస్తే మోజు పుట్టలేదు.

కెనాన్ 50 f/1.8కి కాస్త ఎక్కువే పెట్టాలి, అయినా నేను అటే మొగ్గుతా. లైకా లెక్కకే చేసింది, దగ్గర్లో కూడా పెట్టినచోట పడుతుంది. దానికున్న జబ్బు లోపలి పొగ (హేజ్), అపర్చర్ వెనక గాజు మీద పడుతుంది, ముదిరితే గాజునే తినేస్తుంది, తుడిచినా పోదు. కొనేముందు ఫోన్ టార్చ్ వెనకనించి వేసి ముందునించి చూడండి, పాలు కలిపినట్టు కనిపిస్తే ఎంత తగ్గించినా వద్దు. "మైనర్ హేజ్" అని రాసినదాన్ని నేనొకటి నమ్మి కొన్నా, లైటుకి ఎదురుగా తీసినవన్నీ తెల్లబోయాయి.

35 మి.మీ. కావాలంటే జుపిటర్-12 ఉంది, వెనక గాజు బాడీలో బాగా లోపలికి పొడుచుకొస్తుంది, కొన్ని బాడీల్లో తగులుతుంది, పెట్టి చూసుకున్నాకే డబ్బులివ్వండి.