వెనక షాకబ్జర్లు పోయిన సంగతి నాకంటే ముందు మా ఆవిడకు తెలిసింది

నా బండి 125 సీసీ, 2016లో కొన్నా, ఇప్పటికి 84 వేల కిలోమీటర్లు తిరిగింది. ఏ కంపెనీదో రాయను, ఎందుకంటే తప్పు బండిది కాదు, దాని మీద నేను మోసిన బరువులది. హన్మకొండలో మోటార్ వైండింగ్ పని నాది. పరకాల, ములుగు, నర్సంపేట దిక్కు ఊళ్లల్లో ఎవరి బోరు మోటారు కాలినా వెళ్లి, వెనక సీటు మీద తాళ్లతో కట్టుకొని షాపుకు తెచ్చి, చుట్టి మళ్లీ తీసుకెళ్లి ఇవ్వాలి. ఐదు హెచ్‌పీ మోటారు, పంపు కలిపి కట్టుకుంటే వెనక ఒక మనిషి కూర్చున్నట్టే. పైగా తారు రోడ్డు దిగితే అన్నీ ట్రాక్టర్లు తొక్కిన పొలం బాటలే.

ఇంత బరువు మోసినా వెనక షాకబ్జర్లు పోయాయని చాలాకాలం నాకు అర్థం కాలేదు. టైరు పంక్చరైతే ఆ నిమిషమే తెలుస్తుంది, బ్రేకు అరిగితే చప్పుడొస్తుంది, ఇది అట్లా కాదు. రోజుకింత పోతుంటుంది, మన నడుము రోజుకింత అలవాటు పడుతుంటుంది. గుంత కనబడగానే పిర్రలు లేపి ఫుట్‌రెస్ట్ మీద నిలబడటం నాకు ఎప్పుడు అలవాటైందో కూడా గుర్తు లేదు.

2022 ఫిబ్రవరిలో మేడారం జాతరకు ఇద్దరం బండి మీదే వెళ్లాం. ములుగు రాకముందే గట్టమ్మ దగ్గర ఆగి మొక్కి లేచేసరికి మా ఆవిడ నడుము పట్టుకొని నిలబడింది. “ముందు కూసున్నోనికి ఏం తెలుస్తది, వెనక కూసుంటే తెలుస్తది, ఒక్క గుంతకు మూడుసార్లు ఎగిరేస్తంది నీ బండి” అంది. అప్పుడు నవ్వాను గానీ ఆమె చెప్పిన దాంట్లో రెండు నిజాలున్నాయి. ఒకటి, నేను రెండు చక్రాల మధ్యలో కూర్చుంటా, ఆమె దాదాపు వెనక చక్రం నెత్తిమీద కూర్చుంటుంది, కాబట్టి దెబ్బ ముందు తగిలేది ఆమెకే. రెండోది ఆ ‘మూడుసార్లు’ అన్న మాట. అసలు పరీక్ష అదే, కానీ ఆ రోజు నా బుర్రకు ఎక్కలేదు.

తిరిగొచ్చాక చాలామంది చేసే పనే నేనూ చేశా. టూల్ కిట్‌లోని కొక్కెం పానా తీసి రెండు వైపులా స్ప్రింగు సెట్టింగు రెండో మెట్టు నుంచి ఐదో మెట్టుకు తిప్పేశా. వారం రోజులు బాగైపోయిందనిపించింది, అడుగుకు తగిలి వచ్చే ‘ధడ్’ చప్పుడు తగ్గింది. తర్వాత చూస్తే ఎగురుడు ఇంకా ఎక్కువైంది. కారణం ఇప్పుడు తెలుసు కాబట్టి చెబుతున్నా. బరువు మోసేది స్ప్రింగు, ఆ స్ప్రింగు ఎగరకుండా పట్టుకునేది లోపలున్న ఆయిలు. పిస్టన్‌కున్న సన్న రంధ్రాల్లోంచి ఆయిలు మెల్లగా దూరాలి, ఆ మెల్లదనమే మనకు సుఖం. మెట్టు పెంచితే స్ప్రింగు ఇంకొంచెం బిగుస్తుందే తప్ప పోయిన ఆయిలు తిరిగి రాదు. బిగిసిన స్ప్రింగును పట్టుకునేది లోపల లేకపోతే అది ఇంకా గట్టిగా తంతుంది.

మా బావమరిదిది అదే మోడల్, అప్పటికి తొమ్మిది వేలు తిరిగింది. ఒక ఆదివారం రెండు బండ్లూ మా వాకిట్లో పక్కపక్కన పెట్టాం. మెయిన్ స్టాండ్ వేయొద్దు, చక్రాలు రెండూ నేలమీద ఉండాలి, ఒకరు హ్యాండిల్ పట్టుకోవాలి. సీటు వెనక పట్టుకునే కడ్డీ (గ్రాబ్ రైలు) మీద ఒళ్లంతా వేసి కిందికి నొక్కి టక్కున వదిలేయాలి. వాడి బండి పైకొచ్చింది, ఆగింది, అంతే. నాది పైకొచ్చి, దిగి, మళ్లీ లేచి, మళ్లీ దిగింది. వాడు ఏమనలేదు, నా దిక్కు చూసి మీసం దువ్వాడు.

షాకబ్జరు పోతే ఆయిలు కారుతుందిగా అంటారు. కారితే సందేహమే లేదు. కానీ సన్నని తేమకు దుమ్ము అంటుకోవడం వేరు, గొట్టంలోకి దూరి వచ్చే రాడ్డు నుంచి కిందికి గీతలా తడి దిగడం వేరు. సెల్‌ఫోన్ లైటు వేసి స్ప్రింగు చుట్ల మధ్యలోంచి చూడాలి. నా బండికి ఎడమ పక్కన తడి ఉంది, కుడి పక్క పొడిగా ఉంది. తీరా విప్పితే పొడిగా ఉన్నదానికి కూడా పట్టు లేదు. లోపలి వాల్వు అరిగినా, ఆయిలు పాతబడి పలచనైనా బయటికి చుక్క కనబడదు. ఇంకో చిన్న చిట్కా, గతుకుల రోడ్డు మీద అరగంట తోలి దిగగానే రెండింటి గొట్టాల మీదా చెయ్యి పెట్టి చూడండి. పనిచేసేది గోరువెచ్చగా ఉంటుంది, పని మానేసింది చల్లగా ఉంటుంది. సైలెన్సర్ పక్కది దాని వేడికే వెచ్చబడొచ్చు, అది చూసి మోసపోవద్దు.

సిగ్గుపడాల్సిన సంగతి ఒకటుంది. కొత్తవి ఎందుకు దండగ అని మా దగ్గరే ఒక మెకానిక్‌తో పాతవాటిని కోయించి ఆయిలు పోయించా, ఆయిలు బయటికి రాకుండా ఆపే సీల్ కొత్తది వేయించా, జతకు 600 అయింది. నాలుగు నెలలు కూడా ఆగలేదు. ఇట్లాంటి మామూలు బండ్ల షాకబ్జర్లు నొక్కి మూసేసినవే, విప్పడానికి చేసినవి కావు. అది పక్కన పెట్టినా, రాడ్డు మీద క్రోమ్ లేచి తుప్పు గుంతలు పడ్డాయి, వేలి గోరు పెడితే గీరుకుంటోంది. షాఫ్టు గీరుకుపోయిన మోటారుకు ఎంత మంచి సీల్ వేసినా ఎన్నాళ్లుంటుందని రైతులకు నేనే రోజూ చెబుతుంటా. నా బండి దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఎటు పోయిందో!

చివరికి ఆగస్టులో, 55 వేల దగ్గర, బండి కంపెనీ జతే కొన్నా. 2,400, బిగింపు కూలి 150. ఒక్కటే కారుతోంది కదా, ఒక్కటే మారుస్తానంటే మెకానిక్ ఒప్పుకోలేదు, ఆయన మాటే కరెక్టు. ఒకటి కొత్తది, ఒకటి చచ్చింది అయితే రెండు వైపులా బలం తేడా వచ్చి మలుపుల్లో వెనక చక్రం తేలుతుంది. పాతదాని స్ప్రింగు తీసి రాడ్డు నా చేతికిచ్చాడు. సూది లేని ఖాళీ ఇంజెక్షన్ గొట్టంలా పైకీ కిందికీ ఊరికే పోతోంది. అట్లాంటిదే బాగున్నది ఒకటి ఇస్తే, నొక్కితే కొంచెం బలం కావాలి, లాగితే అంతకంటే ఎక్కువ కావాలి. ఆ తేడా చేతికి తెలిశాక నాకు ఇంకెవరూ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

వేశాక మొదటి కొన్ని వందల కిలోమీటర్లు గట్టిగానే ఉన్నాయి, తర్వాత సర్దుకున్నాయి. అన్నిటికంటే తేడా నాకు బ్రేకులో తెలిసింది. గతుకుల్లో వెనక బ్రేకు తొక్కితే ఇదివరకు చక్రం ఎగిరెగిరి పడేది, ఇప్పుడు నేలను పట్టుకుంటుంది. వెనక టైరు మీద అరచెయ్యి పెట్టి తిప్పితే అక్కడక్కడా పల్లాలు తగిలేవి, టైరు కంపెనీని తిట్టుకున్నా, అది షాకబ్జర్ల పనే. కొత్త టైరు వేశాక మళ్లీ అట్లా అరగలేదు. ఒంటరిగా పోతే రెండో మెట్టు, మోటారు కడితే నాలుగో మెట్టు, రెండు వైపులా ఒకటే మెట్టు. ఒకసారి తొందర్లో ఎడమ నాలుగు, కుడి మూడు పెట్టుకొని నర్సంపేట దాకా పోయా, దారి పొడుగునా బండి ఒక దిక్కుకు లాగుతున్నట్టే అనిపించింది.

అయితే వెనక నుంచి వచ్చే ప్రతి చప్పుడుకూ షాకబ్జర్లు మార్చేయకండి. వానాకాలం కిర్రుకిర్రుమంటే చాలాసార్లు షాకబ్జరు చివర్లో ఉండే రబ్బరు బుష్షే, తక్కువలో పోతుంది. మెయిన్ స్టాండ్ వేసి వెనక చక్రాన్ని అటూ ఇటూ ఊపితే లూజుగా ఆడితే అది వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ బుష్షో, బేరింగో. టైర్లో గాలి ఎక్కువైనా బండి దంచుతుంది, ముందు అది చూడండి, పైసా ఖర్చు లేదు.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి అని అడిగితే నా దగ్గర లెక్క లేదు. మా బావమరిది ఆఫీసుకు తప్ప ఎటూ పోడు, వాడివి నా వాటికి రెండింతలు వచ్చినా ఆశ్చర్యం లేదు. నేను మాత్రం రెండు నెలలకోసారి ఆ నొక్కుడు పరీక్ష చేస్తున్నా. ఈ జతకు 29 వేలు నిండాయి, ఎక్కడా తడి లేదు, కానీ పోయిన వారం నొక్కి వదిలితే పైకొచ్చి ఆగాల్సింది ఇంకోసారి చిన్నగా ఊగింది. మళ్లీ జాతర వస్తోంది. బండి వెనక కూర్చునేది లేదు, బస్సుకే వస్తానని మా ఆవిడ ఇప్పుడే చెప్పేసింది. సంక్రాంతి లోపే మార్పించి ఒకసారి కాజీపేట దాకా ఎక్కించుకొని పోతే మనసు మార్చుకుంటుందేమో చూడాలి.